ఆకాశంలో వయసు పెరిగే హక్కు

మెదడు క్యాన్సర్‌తో ఏళ్ల తరబడి బతికి వెళ్లిపోయిన విమాన పరిచారికను తలుచుకునేటప్పుడు మాట మామూలుగా రెండు విషయాల చుట్టూ తిరుగుతుంది: ఆమె ధైర్యం, ఆమె చిరునవ్వు. రెండూ నిజమే కావచ్చు. కానీ అక్కడితో ఆగిపోతే ఆమె చేసిన పని చరిత్రలోంచి జారిపోతుంది. ఆడవాళ్లు ఈ వృత్తిలోకి వచ్చాక దాదాపు నలభయ్యేళ్లపాటు వాళ్లలో చాలామందికి ఉద్యోగంలో ఉండగా వయసు పెరగడానికే వీల్లేదు. నిండా ముప్పై అయిదేళ్లు రాకుండానే ఇంటికి పంపించేసే ఉద్యోగంలో, యాభయ్యోపడిలో బయటపడే జబ్బు ఎవరి కంటా పడదు. కంటపడనిదాన్ని ఎవరూ లెక్కపెట్టరు. ఆకాశంలో చేసే పని ఒంటిమీద వేసే ముద్ర గురించి ఈరోజు మనకు తెలిసినదంతా, ఉద్యోగంలో వయసు పెరిగే హక్కును ఆ ఆడవాళ్లు గెలుచుకున్న తరువాతే తెలిసింది. జబ్బుతో ఎక్కువకాలం బతికిన పరిచారికను గుర్తుచేసుకోవలసింది ఆ చరిత్రలో ఉంచే.

అసలు ఆడవాళ్లకు ఈ ఉద్యోగం మొదలైందే ఆరోగ్యం పేరు మీద. 1930 మే 15న ఎలెన్ చర్చ్ అనే నర్సు బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ విమానంలో ప్రయాణికుల బాగోగులు చూస్తూ షికాగోకు బయల్దేరింది. మొదటి మహిళా విమాన పరిచారికగా చెప్పేది ఆమె పేరే. పైలట్ కావాలన్నది ఆమె కోరిక. అది కుదరదని తేలాక, నర్సులు తోడుంటే ప్రయాణికులకు భయం తగ్గుతుందని కంపెనీని ఒప్పించింది. అప్పటి విమానాలు తక్కువ ఎత్తులో కుదుపుల మధ్య ఎగిరేవి. కడుపులో తిప్పడం, వాంతులు మామూలు. తొలి జట్టులోని 8 మందీ నర్సులే. పెళ్లి కాకూడదు, వయసు 25 దాటకూడదు, బరువు 115 పౌండ్లు, అంటే 52 కిలోలు మించకూడదు అన్నవి షరతులు. రెండో ప్రపంచ యుద్ధంలో నర్సుల అవసరం సైన్యానికి పెరగడంతో నర్సు చదువు ఉండాలన్న నిబంధన పోయింది. పెళ్లి, వయసు, బరువు నిబంధనలు మాత్రం నిలిచాయి. వైద్యం తెలిసిన మనిషి కోసం పుట్టిన కొలువు, చూడముచ్చటగా ఉండే మనిషి కోసం వెతికే కొలువుగా మారింది. తూకం వేసి, కొలతలు పట్టి ఎంచుకున్న ఆ శరీరానికి పనివల్ల ఏమవుతుందో అడిగే ఏర్పాటు మాత్రం లేదు.

1953లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ కొత్తగా చేరేవాళ్లు 32 ఏళ్లకే ఉద్యోగం వదలాలని నిబంధన పెట్టింది. మరికొన్ని కంపెనీలూ అదే బాట పట్టాయి. పెళ్లయితే ఉద్యోగం పోయేది, గర్భం వచ్చినా అంతే. 1964 నాటి పౌరహక్కుల చట్టాన్ని పట్టుకుని పరిచారికలు ఫిర్యాదుల మీద ఫిర్యాదులు వేశాక, 1968లో అమెరికా సమాన ఉద్యోగావకాశాల కమిషన్ వయసు, పెళ్లి నిబంధనలు చట్టవిరుద్ధమని తేల్చింది. మన దేశంలో ఆ పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎయిర్ ఇండియా అప్పటి నిబంధనల ప్రకారం 35 ఏళ్లు నిండినా, చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకున్నా, మొదటిసారి గర్భం దాల్చినా, వీటిలో ఏది ముందొస్తే అప్పుడు ఎయిర్ హోస్టెస్ దిగిపోవాలి. ఆపైన ఆమెను కొనసాగించడం మేనేజింగ్ డైరెక్టర్ ఇష్టం. 1981లో నర్గేష్ మీర్జా కేసులో కోర్టు గర్భం నిబంధననూ, మేనేజింగ్ డైరెక్టర్‌కున్న ఆ అదుపులేని అధికారాన్నీ కొట్టేసింది. నాలుగేళ్ల పెళ్లి నిబంధనను మాత్రం నిలబెట్టింది. సగం గెలుపే అయినా, తల్లి అయిన మనిషి తిరిగి విమానం ఎక్కే దారి దానితో తెరుచుకుంది.

ఈ గెలుపులను ఆడవాళ్ల సమానత్వ చరిత్రలో చెప్పుకుంటాం. అవి వైద్య చరిత్రకు కూడా చెందుతాయని ఎవరూ చెప్పరు. వయసు నిబంధన ఉన్న రోజుల్లో పరిచారిక కొలువు కొద్ది ఏళ్ల ముచ్చట. ఆ నిబంధన పోయాక అదే కొలువు ఇరవై, ముప్పై ఏళ్ల జీవనాధారం అయింది. ఒకే గాలి, ఒకే ఎత్తు, రాత్రిని పగలు చేసే ఒకే పని అన్నేళ్లు ఒంటిమీద పనిచేశాకే దాని ఫలితం పైకి వచ్చింది. మొదట బయటపడింది పొగ. 1986లో అమెరికా జాతీయ పరిశోధన మండలి విమానంలోని గాలి మీద నివేదిక ఇస్తూ దేశీయ విమానాలన్నిటిలో పొగ తాగడం మాన్పించాలని చెప్పింది. 1988లో రెండు గంటల్లోపు ప్రయాణాల్లో, 1990లో ఆరు గంటల్లోపు దేశీయ ప్రయాణాల్లో నిషేధం వచ్చింది. ఈలోగా, ఎన్నడూ సిగరెట్ ముట్టని నార్మా బ్రోయిన్ అనే పరిచారికకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. ఆమె ముందు నిలబడగా 1991లో మయామీలో పరిచారికల తరఫున సిగరెట్ కంపెనీల మీద దావా పడింది. 1997లో 30 కోట్ల డాలర్లతో వైద్య పరిశోధనా సంస్థ పెట్టే ఒప్పందంతో అది ముగిసింది. ఆ దావా నడిచిన ఆరేళ్లూ ఆమె బతికి ఉండటం వల్ల, పరుల పొగ పీల్చిన ఒంటికి సొంత గొంతు దొరికింది.

తరువాత చర్చకు వచ్చింది అంతరిక్షం నుంచి వచ్చే, కంటికి కనపడని కిరణాల సంగతి. ఎత్తుకు వెళ్లేకొద్దీ కిరణాల తాకిడి పెరుగుతుందని విక్టర్ హెస్ 1912లోనే బెలూన్ ఎక్కి కొలిచాడు. జెట్ విమానాల కాలం వచ్చాక ఆ ఎత్తుల్లోనే రోజూ పనిచేసే మనుషులు తయారయ్యారు. అయినా విమాన సిబ్బందికి సోకే ఆ రేడియేషన్‌ను వృత్తిలో భాగంగా చూడాలని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ సిఫారసు చేసింది 1990లోనే. యూరప్ 1996లో దాన్ని ఆదేశంగా మార్చింది. అమెరికా లెక్కల్లో సిబ్బందికి ఏడాదికి సగటున 3 మిల్లీసీవర్ట్‌ల పైచిలుకు రేడియేషన్ సోకుతుంది. అక్కడ రేడియేషన్ మధ్య పనిచేసేవాళ్లలో అది ఎక్కువ సగటుల్లో ఒకటి. 1995లో ఫిన్లండ్ పరిశోధకులు 1,577 మంది మహిళా పరిచారికల రికార్డులు చూసి, రొమ్ము క్యాన్సర్ మామూలుగా వచ్చేదానికి దాదాపు రెట్టింపు ఉందని చెప్పారు. 2018లో హార్వర్డ్ బృందం అమెరికాలో 5,366 మందిని పరిశీలించి రొమ్ము, చర్మ క్యాన్సర్లు ఎక్కువని తేల్చింది. ఈ లెక్కలేవీ పాత 32 ఏళ్ల నిబంధన ఉండగా పుట్టేవి కావు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. 10 దేశాల్లో 93,771 మంది విమాన సిబ్బంది మీద 2014లో వచ్చిన ఉమ్మడి అధ్యయనం, వాళ్లలో మొత్తం మరణాలు సాధారణ జనంలో కంటే తక్కువని చెప్పింది. అలాంటప్పుడు ఈ పని ఒంటికి చేటని అనడం ఎలా? జవాబు ఎంపికలో ఉంది. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడే ఆరోగ్యవంతులను ఏరుకుంటారు, జబ్బుపడినవాళ్లు మధ్యలోనే తప్పుకుంటారు. అలా వడగట్టిన గుంపును ఊరిజనంతో పోల్చితే మొత్తం లెక్క మంచిగానే కనిపిస్తుంది. కాబట్టి మొత్తం మరణాలు తక్కువన్నది నిజమే, కొన్ని క్యాన్సర్లు ఎక్కువన్నదీ నిజమే. ఒకటి రెండోదాన్ని కొట్టేయదు.

రెండో అభ్యంతరం ఇంకా సూటిగా తగులుతుంది. మెదడు క్యాన్సర్‌కూ విమానాల్లో పనికీ సంబంధం రుజువైందా? కాలేదు. ఆ మాట తేటగా ఒప్పుకోవాలి. రేడియేషన్ మెదడులో కణితులు తేగలదన్నది స్థిరపడిన విషయమే. 1950ల్లో ఇజ్రాయెల్‌లో తలమీది తామరకు ఎక్స్‌రే చికిత్స పొందిన దాదాపు 11,000 మంది పిల్లలు పెద్దయ్యాక వాళ్లలో మెదడు కణితులు ఎక్కువగా కనిపించాయి. కానీ ఆ పిల్లల మెదడుకు కొద్ది రోజుల్లో తగిలింది సగటున 1,500 మిల్లీసీవర్ట్‌ల స్థాయి. ముప్పై ఏళ్లు ఎగిరిన పరిచారికకు అంతా కలిపి సోకేది 100 లోపు, అదీ చుక్క చుక్కగా. ఒకదాన్ని రెండోదానికి రుజువుగా చూపితే అది అబద్ధం అవుతుంది. పైగా ఈ జబ్బు అరుదు. వృత్తిలోని మనుషుల సంఖ్యా పరిమితమే. అలాంటి జబ్బు విషయంలో సంబంధం ఉందని చెప్పడానికీ, లేదని చెప్పడానికీ కావలసింది ఏళ్ల తరబడి నమోదైన జీవితాలు. రుజువు కాలేదన్న మాట లెక్క మూసేయడానికి కారణం కాదు, తెరిచి ఉంచడానికి కారణం.

ఎక్కువకాలం బతకడాన్ని ధైర్యం ఖాతాలో వేయడం గురించీ ఇలాగే నికరంగా మాట్లాడాలి. మెదడు క్యాన్సర్ అన్నది ఒక్క జబ్బు కాదు. గ్లయోబ్లాస్టోమా అనే రకానికి రేడియేషన్‌తో పాటు టెమోజోలోమైడ్ మందు కలిపి ఇచ్చిన 2005 నాటి ప్రయోగంలో కూడా రోగుల్లో సగం మంది 14.6 నెలలు దాటలేదు. మరోవైపు, కణాల్లో ఒకటో, పంతొమ్మిదో క్రోమోజోముల ముక్కలు లోపించిన ఒలిగోడెండ్రోగ్లయోమా అనే రకానికి రేడియేషన్‌తో పాటు కీమోథెరపీ కూడా ఇస్తే సగం మంది 14 ఏళ్లకు పైగా బతికారని 2013లో వెలువడిన ఫలితాలు చెప్పాయి. ఆ తేడా మనోబలంలో లేదు, కణితి జాతిలోనూ చికిత్సలోనూ ఉంది. ధైర్యంతోనే బతికిందంటే, త్వరగా పోయినవాళ్లకు ధైర్యం చాలలేదని అన్నట్టవుతుంది. అది వాళ్లకు చేసే అన్యాయం. ధైర్యాన్ని వెతకవలసింది ఏళ్ల లెక్కలో కాదు, ఆ ఏళ్లను గడిపిన తీరులో: మూర్ఛ ఎప్పుడొస్తుందో తెలియక, ఎగిరే ఉద్యోగం వదులుకుని, నోట మాట తడబడుతున్నా రోజును నెట్టుకొచ్చిన తీరులో.

పోయిన మనిషిని తలుచుకునే చోట ఈ లెక్కలెందుకు, ఆమె దుఃఖాన్ని సాక్ష్యంగా వాడుకోవడం కాదా అని అడగవచ్చు. ఇంటివాళ్లు చెప్పుకోదలచుకోని సంగతిని బయటికి లాగే హక్కు ఎవరికీ లేదు. అయితే ఈ వృత్తి చరిత్రలో పరిచారిక శరీరాన్ని ఇతరులు తమ అవసరానికి కొలిచిన రోజులే ఎక్కువ. బరువు కొలిచారు, ఎత్తు కొలిచారు, వయసు కొలిచి పంపేశారు. ఆమె తరఫున, ఆమె మేలు కోరి వేసిన లెక్కలు చాలా తక్కువ. అందుకే స్మృతివాక్యం రాసేటప్పుడు ఆమె జబ్బుతో ఎన్నేళ్లు బతికిందో రాసినచోటే, ఎన్నేళ్లు ఎగిరిందో, ఏ దారుల్లో ఎగిరిందో, సిగరెట్ పొగ ఉన్న రోజుల్లో ఎన్నేళ్లు నిలబడి పనిచేసిందో కూడా రాయాలి. ఆమెకు ముందు తరం వాళ్లలో చాలామందిని ముప్పైల్లోనే దింపేశారు. వాళ్లకు ఆ తరువాత ఏమైందో ఎవరూ రాసి పెట్టలేదు. ఈమె విషయంలో ఆ తప్పు మళ్లీ జరగకూడదు.