కాకినాడలో చనిపోయిన కోనిగ్, మన కొండల అడవి అల్లం

అమలాపురం హాస్టల్ నుంచి రాస్తున్నా. బోటనీ పుస్తకంలో మొక్క పేరు చివర ‘రాక్స్‌బ్’ అని పొట్టి ముక్క ఒకటి కనబడుద్ది కదా. ఆ ముక్క వెనకాల మన కొండలున్నాయి.

కథ మొదలైంది మాత్రం ఒక దీవిలో. కోనిగ్ అనే వైద్యుడు లిన్నేయస్ శిష్యుడు. తరంగంబాడి వచ్చి, 1778లో ఈస్టిండియా కంపెనీలో చేరి, 1779లో ఫుకెట్ దీవికి (ఇప్పుడది థాయ్‌లాండ్‌లో ఉంది) వెళ్ళాడు. అక్కడి అడవి అల్లాల్ని, ఏలకి జాతుల్ని పచ్చిగా ఉండగానే విప్పి చూసి రాసుకున్నాడు. పచ్చిగానే ఎందుకంటే, అల్లం పువ్వు బాగా పల్చన. కాయితాల మధ్య ఎండబెడితే అతుక్కుపోద్ది, ఏ రేకు ఏదో తేలదు. లిన్నేయస్ లెక్కంతా కేసరాల మీద. అల్లానికి, పసుపుకి, మెట్టతామరకి కూడా పుప్పొడినిచ్చే కేసరం ఒక్కటే, అందుకని అన్నీ ఒకే తరగతి. అందులో ఏది ఏదో విడదీయడమే కోనిగ్ చేసిన పని. అది 1783లో రెట్జియస్ పుస్తకంలో అచ్చయింది.

1785 జూన్‌లో ఆయన కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. చివరి రోజుల్లో దగ్గరుండి చూసుకుంది కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్. ఈయన 1793లో కలకత్తా వెళ్ళేదాకా సామర్లకోటలో తోట పెంచాడు. సర్కారు కొండల లోయల్లో, అంటే మన తూర్పు కనుమల్లో, ఒక అడవి అల్లాన్ని చూసి అమోమమ్ రోజియమ్ అని పేరు పెట్టాడు. దాని ఎర్రటి పువ్వులు ఆకుల మీద కాదు, నేలకి ఆనుకుని వస్తాయి. 1807లో రాస్కో అనే లివర్‌పూల్ బ్యాంకరు, పరాగకోశం కొస కొమ్ములా సాగి కీలాన్ని చుట్టుకుంటే అదే అసలు అల్లం అని తేల్చి, దీన్ని జింజిబర్ రోజియమ్‌గా మార్చాడు. ఈ రోజుకీ అదే పేరు.

నాకు ఇక్కడే కడుపు మండుద్ది. రాక్స్‌బర్గ్‌కి బొమ్మలు వేసింది మన దేశపు చిత్రకారులు. పుస్తకంలో వాళ్ళ పేర్లు లేవు. ఆయన తెలుగు పేర్లు చాలానే రాసుకున్నాడు, అది ఒప్పుకోవాలి. పాలగుండ తీసే అడవి పసుపుకి ఆయన పెట్టిన పేరు కుర్కుమా అంగుస్టిఫోలియా, అంటే సన్నాకు పసుపు. మా అవ్వకి ఆకుతో పనిలేదు. దుంప విరిచి, రంగు చూసి, వాసన చూసి చెప్పేస్తది. దంచి నీళ్ళలో వేస్తే పిండి అడుక్కి దిగాలి, అదీ ఆవిడ వర్గీకరణ. అది పరీక్షలో రాస్తే మార్కులు రావు గానీ తప్పయితే కాదు.

ఈ వానలకి ఇంటికెళ్తే, నేలమీద ఎర్రగా పూసిన అల్లం కనబడితే పువ్వు, ఆకు, విరిచిన దుంప మూడూ ఫోటో తీయండి. కోయలో ఏమంటారో, కువిలో ఏమంటారో, కొండరెడ్ల ఊళ్ళల్లో ఏమంటారో, చెప్పినవాళ్ళని అడిగి వాళ్ళ పేరుతో సహా కింద రాయండి. మా ఊరిది నేను రాస్తా.