ఆసన్నం అనే మాట

గాజుల కొట్లో "రెండుంపావు ఇవ్వండి" అంటాం. ఆ రెండుంపావు అంగుళాలు గాజు లోపలి అడ్డకొలత. లోపల చుట్టూ దారం పెట్టి చూస్తే ఏడంగుళాల మీద పిసరంత వస్తుంది. రెండున్నర గాజైనా, బండి చక్రమైనా అంతే, చుట్టుకొలత అడ్డకొలతకి మూడింతలు, ఆపైన కొంచెం. ఆ కొంచెం ఎంతో తేల్చడానికి మనుషులు రెండు వేల ఏళ్ళకు పైగా తంటాలు పడ్డారు. బళ్ళో మాత్రం మనకి "పై అంటే 22/7" అని చెప్పేసి ముందుకెళ్ళిపోయారు.

తెలుగు బీఏ వాళ్ళకి లెక్కలెందుకు అనే మాట చాలాసార్లు విన్నాను. నేను పై చరిత్రలోకి వెళ్ళింది మాత్రం భాష దారినే, ఒక్క మాట పట్టుకుని.

ఆర్యభటుడు 499 ప్రాంతంలో రాసిన ఆర్యభటీయంలో ఒక శ్లోకం ఉంది. వందకి నాలుగు కలిపి, ఎనిమిదితో హెచ్చించి, 62,000 కలపమంటాడు. వచ్చిన 62,832, వ్యాసం 20,000 ఉన్న వృత్తానికి పరిధి. భాగిస్తే 3.1416. అక్కడే ఇది "ఆసన్న" పరిధి అన్నాడు. ముహూర్తం ఆసన్నమైంది అంటామే, అదే మాట. దగ్గరికొచ్చింది, ఇంకా చేరలేదు.

అన్నీ మనవాళ్ళే ముందు కనిపెట్టారనే వాట్సాప్ మెసేజ్‌లు నాకు నచ్చవు. గ్రీకుల ఆర్కిమెడిస్ అంతకు ఏడు వందల ఏళ్ళ ముందే పై విలువ 22/7 కన్నా కాస్త తక్కువని నిరూపించాడు. నాకు ముచ్చటేసింది ఎవరు ముందన్నది కాదు, ఆ "ఆసన్న" అన్న నిజాయితీ.

వెయ్యేళ్ళ తర్వాత కేరళలో నీలకంఠ సోమయాజి ఆర్యభటీయానికి భాష్యం రాస్తూ ఆ మాట దగ్గరే ఆగాడు. అసలు విలువ వదిలేసి దగ్గరి విలువ ఎందుకు చెప్పినట్టు? అసలుది చెప్పడం కుదరదు గనక, అన్నాడు. ఏ కొలతతో వ్యాసం మిగులు లేకుండా తెగుతుందో, దానితో పరిధి తెగదు. సోలతో కొలిస్తే మిగిలింది కదా అని గిద్దతో కొలిచినా, అంతకన్నా చిన్నదానితో కొలిచినా, మిగులు తగ్గుతుందే గానీ పోదు. దానికి నిరూపణ 1761లో ఐరోపాలో లాంబర్ట్ ఇచ్చాడు.

ఆ నీలకంఠుడే, తనకన్నా ముందటి మాధవుడిదని ఒక శ్లోకం ఉదహరించాడు. అందులో అంకెలే లేవు. దేవతలు, కళ్ళు, ఏనుగులు, పాములు, ఆపైన అగ్నులు, గుణాలు, వేదాలు, నక్షత్రాలు. మన శాసనాల్లో శక సంవత్సరాలు చెప్పే పద్ధతే ఇది. దేవతలు 33, కళ్ళు 2, దిగ్గజాలు 8, వేదాలు 4, నక్షత్రాలు 27. కుడి నుంచి ఎడమకి రాసుకుంటూ పోవాలి.

పదో తరగతి చదివే మా అమ్మాయికి ఒక్కో పదం విప్పి చెబుతుంటే అంకెలు తనే వేసింది. 2827433388233 వచ్చింది. అది 90,000 కోట్ల వ్యాసానికి పరిధి. ఫోన్‌లో భాగిస్తే 3.14159265359 దాకా సరిపోయింది. పై విలువను పదకొండు స్థానాలకి సవరించి రాస్తే సరిగ్గా అదే. "ఇది లెక్కల పీరియడ్డా, తెలుగు పీరియడ్డా?" అంది.