పేదవాడి సివిల్ దావాకు ప్లీడరు ఎవరు?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి నాకు వచ్చే ఫోన్లలో చాలావాటికి చివర కోర్టు మాట వస్తుంది. అన్న ఇంట్లో భాగం ఇవ్వడం లేదు. మొగుడు మనోవర్తి కట్టడం లేదు. చీరలు నేయించుకున్న షావుకారు కూలి ఆపేశాడు. ఆ వెంటనే, "ప్లీడరుకు ఇచ్చేదానికి డబ్బెక్కడిదన్నా?" అంటారు. నేను స్థిరపడిన అమెరికాలోనూ పేదలు ఇదే అడుగుతున్నారు. దానికి ఇక్కడి ప్లీడర్లు ఏం చేశారో మనవాళ్లకు తెలియాలి.

1876లో న్యూయార్కులో జర్మన్ వలసదారుల సంఘం ఒక చిన్న న్యాయ సహాయ సంస్థ పెట్టింది. ఓడ దిగిన జర్మన్లను మోసం చేసేవాళ్లు, పని చేయించుకుని కూలి ఎగ్గొట్టేవాళ్లు ఆ ఊళ్లో ఎక్కువ. తర్వాత ఆర్థర్ ఫాన్ బ్రీసెన్ అనే లాయరు నాయకత్వంలో ఆ సంస్థ ఏ దేశం నుంచి వచ్చిన పేదలకైనా తలుపు తెరిచింది. 1919లో బోస్టన్ లాయరు రెజినాల్డ్ హీబర్ స్మిత్ 'జస్టిస్ అండ్ ది పూర్' అనే పుస్తకం రాసి, కోర్టు ఖర్చులు, ప్లీడరు ఫీజు, జాప్యం పేదవాడికి న్యాయాన్ని ఎలా మూసేస్తున్నాయో తన వృత్తివాళ్ల ముందు పెట్టాడు.

1963లో ఇక్కడి సుప్రీంకోర్టు, తీవ్రమైన నేరం మోపబడిన పేదవాడికి ప్రభుత్వమే ప్లీడర్ని ఇవ్వాలంది. ఇల్లు ఖాళీ చేయించే దావాకు, కూలి దావాకు ఆ తీర్పు వర్తించదు. 1965లో ఇక్కడి కేంద్ర ప్రభుత్వం సివిల్ న్యాయ సహాయానికి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. తమ కేసులు పోతాయని చాలామంది ప్లీడర్లు భయపడ్డారు. అప్పుడు అమెరికన్ బార్ అసోసియేషన్ అధ్యక్షుడు లూయిస్ పావెల్ పెద్ద కంపెనీల లాయరు. అయినా బార్‌ను ఆ పథకం వైపు నిలబెట్టాడు. ఆ తెగువ నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది.

1966లో మొదలైన కాలిఫోర్నియా రూరల్ లీగల్ అసిస్టెన్స్ అనే న్యాయ సహాయ సంస్థ కథ మన రైతుకూలీలు వినాల్సింది. తోటల యజమానులు పొట్టి పిడి పారతోనే కలుపు తీయాలనేవాళ్లు. కూలీలు రోజంతా నడుము వంచి పనిచేసి వెన్ను పోగొట్టుకునేవాళ్లు. ఆ సంస్థ లాయర్లు డాక్టర్ల సాక్ష్యంతో పోరాడారు. 1975లో ఆ పార నిషేధానికి గురైంది. అంతకుముందు, 1970లో, కాలిఫోర్నియా గవర్నరు రీగన్ ఆ సంస్థకు వచ్చే నిధులు ఆపబోయాడు. విచారణ జరిపిన న్యాయమూర్తుల సంఘం ఆరోపణలు నిలవవని తేల్చింది.

1974లో ఆ కేంద్ర నిధులను పంచడానికి లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్‌ను పెట్టే చట్టం వచ్చింది. 1981లో అధ్యక్షుడైన రీగన్ ఆ సంస్థను పూర్తిగా మూసేయాలనుకున్నాడు. అప్పటి బార్ అధ్యక్షుడు రీస్ స్మిత్ పిలుపుతో ప్లీడర్లు రాజధానికి కదిలారు. నిధుల్లో నాలుగో వంతు పోయింది కానీ సంస్థ బతికింది. 1996లో మళ్లీ ఆంక్షలు వచ్చాయి. ఆ నిధులు తీసుకునే లాయర్లు వేలమంది తరఫున ఒకే దావా వేయకూడదు.

మన చట్టం ఇంతకన్నా విశాలమైంది. 1976లో రాజ్యాంగంలో ఉచిత న్యాయ సహాయం గురించిన 39ఎ అధికరణం చేరింది. 1987 నాటి న్యాయ సేవల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. దాని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత ప్లీడరు దొరుకుతాడు, సివిల్ దావాకైనా సరే. మిగతా పేదల్లో చాలామందికి ఆదాయ పరిమితి ఉంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. అమెరికా పేదరాలికి ఇంత స్పష్టమైన హక్కు లేదు.

మనకు కొరవడింది పావెల్, రీస్ స్మిత్ చేసిన పని. మూడు ఊళ్ల బార్ అసోసియేషన్ల పెద్దలకు నా విన్నపం ఒకటే. వారానికొక పూట ధర్మవరం మగ్గాల వీధుల్లో, హిందూపురం మార్కెట్ హమాలీల దగ్గర, పెనుకొండ చుట్టూ పల్లెల్లో కూర్చోండి. కోర్టు ఆవరణలోని న్యాయ సేవా కమిటీకి దరఖాస్తు రాసిపెట్టండి. అక్కా, అమ్మా, మీరు ప్లీడరు ఫీజుకు భయపడి భాగం వదులుకోవద్దు. న్యాయ సేవల సహాయ నంబరు 15100కు ఫోన్ చేయండి.