అంబాసిడర్: తరాలు లేని కారు

ఒక కారు చరిత్ర రాయడమంటే సాధారణంగా దాని తరాల చరిత్ర రాయడమే. 1966లో జపానులో పుట్టిన టయోటా కొరోలా 2018 నాటికి పన్నెండో తరానికి చేరింది. తాతకూ మనవడికీ పేరొక్కటే ఉమ్మడి. ఎముకలు వేరు, గుండె వేరు, నడక వేరు. మన దేశపు కుటుంబ కారు కథ ఇందుకు భిన్నం. అంబాసిడర్ ఐదున్నర దశాబ్దాలకు పైగా బతికింది. దానికి మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా, క్లాసిక్, గ్రాండ్ అంటూ ఎన్నో పేర్లు వచ్చాయి. పేర్లు వరసగా చదివితే ఒక వంశావళిలా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే మాత్రం తలపాగాలు మార్చుకుంటూ నిలబడ్డ ఒకే మనిషి.

ఈ కారు గురించి వచ్చే వ్యాసాలు చాలామటుకు రెండే రకాలు: బాల్యస్మృతులు, లేదా వెటకారాలు. నాకు ఈ రెంటికన్నా ఆసక్తికరమైన ప్రశ్న ఒకటుంది. అది ఎందుకు మారలేదు? మారకుండా అన్నాళ్ళు ఎలా బతికింది?

కథ మొదలు ఇంగ్లండులో ఉంది. ఆక్స్‌ఫర్డ్ పట్టణంలో సైకిళ్ళ వ్యాపారంతో మొదలుపెట్టిన విలియం మోరిస్, 1913లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారును తయారు చేశాడు. ఆ పేరు ఆ తరువాత ఎన్నో నమూనాలకు సంక్రమించింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక 1948లో ఒకటి, 1954లో సిరీస్ 2, 1956లో సిరీస్ 3 వచ్చాయి. ఈ మూడో సిరీసే మన అంబాసిడర్‌కు మూలం. అది తన కాలానికి వెనుకబడిన బండేమీ కాదు. విడిగా చట్రం లేకుండా ఒంటి కట్టుగా కట్టిన ఒళ్ళు, ముందు చక్రాలకు టార్షన్ బార్ సస్పెన్షను, రాక్ అండ్ పినియన్ స్టీరింగు, ఇవన్నీ అప్పటికి మెచ్చదగ్గ పనితనమే. ఇంగ్లండులో అది 1959 దాకానే నడిచింది. దాని స్థానంలో ఇటలీకి చెందిన పినిన్‌ఫరీనా గీసిన కొత్త ఆకారం వచ్చింది. 1971లో ఆక్స్‌ఫర్డ్ అన్న పేరే అంతరించింది. అంటే, కన్నవారింట మూడేళ్ళు బతికిన రూపం పెంచినవారింట అర్ధశతాబ్దం దాటి బతికిందన్నమాట.

పెంచినవారు హిందుస్థాన్ మోటార్స్. బి. ఎం. బిర్లా 1942లో గుజరాత్ తీరాన ఓఖా రేవు దగ్గర ఈ సంస్థను స్థాపించారు. 1948లో అది పశ్చిమ బెంగాల్‌లో, హుగ్లీ జిల్లా ఉత్తరపారాకు తరలింది. మోరిస్ వారి కార్లను దేశీయ పేర్లతో తయారు చేయడం దాని పద్ధతి: హిందుస్థాన్ 10, హిందుస్థాన్ 14, మోరిస్ మైనర్‌కు ప్రతిరూపమైన బేబీ హిందుస్థాన్, సిరీస్ 2 నుంచి వచ్చిన లాండ్‌మాస్టర్. ఆ వరసలో చివరిది, 1957-58 నాటిది, అంబాసిడర్. ఇక్కడొక చిన్న విశేషముంది. ఒళ్ళు కొత్తదైనా మొదట్లో దానిలో పెట్టింది లాండ్‌మాస్టర్ నాటి పాత 1476 సీసీ సైడ్‌వాల్వు ఇంజనే. 1959లో గాని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 1489 సీసీ, 55 అశ్వశక్తి గల ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను రాలేదు. ఆ ఇంజనే పెట్రోలు అంబాసిడర్‌ను మూడు దశాబ్దాలకు పైగా మోసింది.

ఇక మారకపోవడానికి కారణం. 1953 ప్రాంతంలో ప్రభుత్వం, దేశంలో నిజంగా తయారీ చేపట్టే సంస్థలకే మోటారు పరిశ్రమలో చోటుండాలని నిశ్చయించింది. విడిభాగాలు తెచ్చి బిగించి అమ్ముకునే ఫోర్డ్, జనరల్ మోటార్స్ మూటముల్లె సర్దుకున్నాయి. మిగిలినవి ముఖ్యంగా మూడు: ఉత్తరపారాలో అంబాసిడర్, బొంబాయిలో ఫియట్, మద్రాసులో స్టాండర్డ్. ఎన్ని కార్లు చేయాలో లైసెన్సు నిర్ణయించేది. విదేశీ యంత్రాలు తెప్పించుకోవాలంటే విదేశీ మారకద్రవ్యానికి అనుమతి కావాలి. కొనేవాడు ముందుగా డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వరసలో నిలబడాలి. కొత్త ఒంటికి కొత్త అచ్చులు పోయించాలంటే అపారమైన ఖర్చు. ఎదురుచూసే జనం వాకిట్లో ఉండగా ఆ ఖర్చు ఎవరు పెడతారు? కంపెనీ సోమరితనం అనడం తేలిక. సోమరితనానికి లాభం కట్టిపెట్టిన ఏర్పాటును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కాబట్టి మార్పులన్నీ ముఖానికే పరిమితమయ్యాయి. అరవైల తొలి యేళ్ళలో ముందరి జాలీని సన్నని గళ్ళగా మార్చి మార్క్ 2 అన్నారు. 1975లో మళ్ళీ ముఖం సవరించి మార్క్ 3 అన్నారు. 1979లో జాలీని చతురస్రం చేసి, పార్కింగు దీపాలను విడిగా అమర్చి మార్క్ 4 అన్నారు. పక్కనుంచి చూస్తే నాలుగింటికీ తేడా చెప్పడం కష్టం. అదే గుండ్రటి వీపు, అదే ఉబ్బెత్తు తలుపులు.

మార్క్ 4 కాలంలోనే నిజమైన మార్పొకటి వచ్చింది: డీజిలు ఇంజను. మన దేశపు తొలి డీజిలు కారు ఇదే. అదే 1489 సీసీ, శక్తి 37 అశ్వాలు మాత్రమే. నిండా మనుషులతో ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు ఆ 37 అశ్వాలూ ఒక్కొక్కటే లెక్కకు వచ్చేవి. అయినా టాక్సీ నడిపేవారికి అది వరమైంది. వేగం తక్కువైనా ఇంధనపు ఖర్చు తగ్గింది, సంసారం గడిచింది.

దీని గుణాలను తక్కువ చేసి చెప్పడం న్యాయం కాదు. ఎత్తయిన సీట్లలోకి ముసలివారు వంగకుండా ఎక్కేవారు. ముందువైపు సీటు ఒకే బల్లగా ఉండి, గేరు స్టీరింగు పక్కనుండడం వల్ల అక్కడ ముగ్గురు సర్దుకునేవారు. తిరుపతి మొక్కుకు వెళ్ళే కుటుంబం మొత్తం, గుండు చేయించాల్సిన పసివాడితో సహా, ఒకే బండిలో పట్టేది. బానెట్ ఎత్తితే లోపల ఏది ఎక్కడుందో కంటికి కనిపించేది. పల్లెటూరి మెకానిక్కు దాన్ని చదువుతో కాక చేతులతో నేర్చుకున్నాడు. నిజానికి, నమూనా మారకపోవడమే ఈ నేర్పుకు మూలం. ఇరవై యేళ్ళనాటి విడిభాగం ఈనాటి బండికి సరిపోయేది. ఒకని దగ్గర నేర్చిన పని ఇంకొకనికి అప్పగించగలిగేవాడు. కంపెనీకి శాపమైన స్థిరత్వం షెడ్డుకు విద్య అయింది. అంబాసిడర్ చరిత్రలో నన్ను కట్టిపడేసే వైరుధ్యం ఇదే.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. చిన్నది, తేలికైనది, తక్కువ తాగేది. సొంతంగా కారు కొనేవారు అటు మళ్ళారు. అంబాసిడర్‌కు మిగిలినవారు ఇద్దరు: టాక్సీ, ప్రభుత్వం. మన తెలుగునాట తెల్ల అంబాసిడర్ ఊళ్ళోకి వస్తే అందులో ఎవరున్నారో తెలియకముందే జనం లేచి నిలబడేవారు. పైన దీపముంటే మరీను. దానికి మనవాళ్ళు పెట్టిన "ఎర్రబుగ్గ కారు" అనే పేరు అధికారానికే పర్యాయపదమైంది. ఆ తెలుపూ ఆ బుగ్గా ఎంత తిరుగులేని అనుమతిపత్రమో దేశం ఒక చేదు దినాన తెలుసుకుంది. 2001 డిసెంబరు 13న పార్లమెంటుపై దాడికి ముష్కరులు ఎక్కి వచ్చింది ఎర్రబుగ్గ పెట్టి, హోంశాఖ చీటీ అంటించిన తెల్ల అంబాసిడరే.

పి. వి. నరసింహారావు ప్రధానిగా 1991లో మొదలైన సంస్కరణల్లో భాగంగా 1993లో కార్ల తయారీకి లైసెన్సు అవసరం తొలగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అంబాసిడర్‌కు మంచి గుండె అమరింది. 1990లో వచ్చిన నోవా తరువాత, ఇసుజు వారి 1800 సీసీ ఇంజనును, ఐదు గేర్లను దానికి బిగించారు. బండి ఉరకలు వేసింది. కానీ పరుగు నేర్చేనాటికి పందెంలో విదేశీ గుర్రాలు దిగాయి. 2003లో గ్రాండ్, 2004లో అవీగో అన్నారు. కొత్త బంపర్లూ కొత్త డాష్‌బోర్డులూ ఎన్ని పెట్టినా కింద ఉన్నది 1956 నాటి రూపమే. పెద్ద నగరాల్లో కాలుష్య నిబంధనలు బిగిసి, ఆఖరి ఆసరా అయిన టాక్సీ అమ్మకాలూ దెబ్బతిన్నాయి. ఎనభైల మధ్యలో ఏటా ఇరవై నాలుగు వేలు దాటిన అమ్మకాలు చివరికి రెండువేల చిల్లరకు దిగాయి. 2013లో బీబీసీ వారి టాప్ గేర్ కార్యక్రమం దీన్ని ప్రపంచంలోకెల్లా ఉత్తమ టాక్సీగా ఎంచింది. మరుసటి యేడు మే నెలలో ఉత్తరపారా కర్మాగారం ద్వారానికి పని నిలిపివేత నోటీసు అంటించారు. రెండువేల మందికి పైగా కార్మికులు ఉదయం పనికి వచ్చి దాన్ని చదువుకున్నారు. 2017 ఫిబ్రవరిలో అంబాసిడర్ అనే పేరును ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సంస్థకు 80 కోట్ల రూపాయలకు అమ్మారు. అదే యేడు మే 1న ఎర్రబుగ్గలూ రద్దయ్యాయి.

పోటీ లేని నీడలో పెరిగిన మొక్క ఎండకు తట్టుకోలేదని ఈ కథను ఒక్క వాక్యంలో తేల్చేయవచ్చు. అది అబద్ధమూ కాదు. ఐతే ఆ నీడ మొక్క కోరి తెచ్చుకున్నది మాత్రమే కాదు, మనమంతా కలిసి వేసిన పందిరి. ఆ పందిరి కింద లక్షలమందికి రిపేరు విద్య దొరికింది, బాడుగ దొరికింది, పెళ్ళిబండి దొరికింది. పందిరి తీసినప్పుడు దాన్ని వేసినవాళ్ళెవరూ నష్టపోలేదు. ఉత్తరపారా గేటు ముందు నిలబడ్డవాళ్ళు నష్టపోయారు. అంబాసిడర్‌ను తలుచుకుని మురిసిపోయేవారూ నవ్వుకునేవారూ కూడా ఆ గేటును మరిచిపోకూడదని నా మనవి.