పాటల లాప్‌టాప్ - ఓ చిన్న చరిత్ర

ఇంట్లో పాటలు రికార్డు చేసుకోడానికి ఏ లాప్‌టాప్ కొనాలి అని ఎవరైనా అడిగితే మన ఐటీ జనం నోట ముందుగా వచ్చే మాటలు: ఎన్ని కోర్లు, ఎన్ని గిగాహెర్ట్జులు, ఎంత ర్యామ్. కంపైలు టైము తగ్గించుకోడానికి ఏం చూస్తామో ఇక్కడా అవే చూస్తాం. లక్షన్నర పోసి గేమింగ్ లాప్‌టాప్ తెచ్చుకుని, మైకు తగిలించి, తీరా పాడటం మొదలెట్టాక మధ్య మధ్యలో టిక్కు టిక్కుమని చప్పుడొస్తుంటే తల పట్టుకుంటాం. ఇంత ఖరీదు పెట్టి కొన్నది ఒక్క గొంతుని కూడా శుభ్రంగా రికార్డు చెయ్యలేదా అని.

దీనికి జవాబు స్పెసిఫికేషన్ల పట్టికలో దొరకదు. కాస్త వెనక్కి వెళ్ళి చూస్తే దొరుకుతుంది. సంగీతం వాళ్ళు కంప్యూటర్ ఎంచుకునేటప్పుడు మొదట్నించీ చూసింది రెండే. తమ వాయిద్యం తగిలించడానికి సరైన పోర్టు ఉందా, పని వేళకి చేస్తుందా. వేగం ఆ తర్వాతే.

1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ ప్రదర్శనలో రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డుల్ని వైరుతో కలిపి చూపించారు. ఒకటి సీక్వెన్షియల్ వాళ్ళ ప్రాఫెట్-600, రెండోది రోలాండ్ వాళ్ళ జూపిటర్-6. ఒకదాని మీద మెట్టు నొక్కితే రెండోది మోగింది. అదే మిడి. ఆ వైరులో శబ్దం వెళ్ళదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న కబురు మాత్రమే వెళుతుంది. వేగం సెకనుకి 31,250 బిట్లు. ఒక మెట్టు నొక్కిన కబురు మూడు బైట్లు, స్టార్టు బిట్టూ స్టాపు బిట్టూ కలుపుకుంటే 30 బిట్లు. అంటే ఒక మిల్లీసెకను లోపే చేరిపోతుందన్నమాట. ఇందులో ముఖ్యపాత్రధారులైన డేవ్ స్మిత్‌కీ, ఇకుతారో కకెహాషికీ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. ముప్ఫై ఏళ్ళకి గుర్తొచ్చారు పాపం :)

1984లో కమొడోర్ నించి బయటికొచ్చిన జాక్ ట్రమీల్ అటారీ వాళ్ళ ఇంటి కంప్యూటర్ల వ్యాపారం కొనుక్కుని మరుసటేడు 520ఎస్‌టీ తెచ్చాడు. మోటరోలా 68000 ప్రాసెసర్, 8 మెగాహెర్ట్జులు. మాములుగా చూస్తే మ్యాకింటాష్‌కి చవక పోటీదారు, అంతే. కానీ దానికి రెండు మిడి పోర్టులు, ఒకటి లోపలికీ ఒకటి బయటికీ, మెషీన్లోనే పెట్టేశారు. ఐబీఎం పీసీకైనా, మ్యాక్‌కైనా విడిగా కార్డో డబ్బానో కొనుక్కోవాలి. దీనికి అక్కర్లేదు. ఆ ఒక్క నిర్ణయంతో యూరప్ స్టూడియోలన్నిట్లోకీ అటారీ దూరిపోయింది. జర్మనీలో స్టైన్‌బర్గ్ కంపెనీ 1989లో క్యూబేస్ మొదట తెచ్చింది దీని మీదే. తర్వాతి కాలంలో లాజిక్‌గా మారిన సాఫ్ట్‌వేర్ మూలాలు కూడా దీని మీదే ఉన్నాయి.

అసలు కిటుకు పోర్టుల్లో సగమే. మిగతా సగం ఆపరేటింగ్ సిస్టంలో ఉంది. అది ఒకసారికి ఒక్క ప్రోగ్రామే నడుపుతుంది. వెనకాల అప్‌డేట్లు లేవు, నెట్‌వర్కు లేదు, యాంటీవైరస్ లేదు. క్యూబేస్ నడుస్తుంటే మొత్తం యంత్రం క్యూబేస్‌దే. అందుకే తర్వాత ఎంతో వేగమైన పీసీలొచ్చాక కూడా "టైమింగు అటారీకే కుదిరింది" అని దాన్ని పట్టుకుని వేళ్ళాడినవాళ్ళున్నారు. దాంట్లో కొంత పాతవాటి మీద మమకారం ఉండొచ్చు గానీ, ఇంజినీరు కళ్ళతో చూస్తే కారణం లేకపోలేదు. పైగా 520ఎస్‌టీకి ఫ్యాను లేదు. మైకు ఉన్న గదిలో అదేమీ చిన్న విషయం కాదు. 1989లో మిడి పోర్టులతో సహా దీన్ని స్టేసీ అనే పోర్టబుల్‌గా కూడా చేశారు. ఒళ్ళో పెట్టుకునేంత తేలికేం కాదు లెండి, అయినా సంగీతం కోసం పనికొచ్చిన తొలి లాప్‌టాప్ ఏదంటే నేను దాని పేరే చెప్తాను.

ఇదంతా కబుర్ల వరకే. గొంతు రికార్డు చెయ్యడం వేరే లెక్క. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జులు పెడితే ఒక్క ట్రాకుకి సెకనుకి 144 కిలోబైట్లు. ఇవాళ్టి ఎస్‌ఎస్‌డీకి 24 ట్రాకులు ఒకేసారి రాయడం కూడా లెక్కలోది కాదు, మూడున్నర మెగాబైట్లే. 1991లో మాత్రం అది చాలా పెద్ద బరువు. ఆ ఏడాది డిజిడిజైన్ తెచ్చిన మొదటి ప్రోటూల్స్‌లో నాలుగే ట్రాకులు. అదీ మ్యాక్‌లో విడిగా కార్డులు గుచ్చి, లెక్కలన్నీ ఆ కార్డుల మీది చిప్పులతో చేయించారు. లాప్‌టాప్‌లో అలాంటి కార్డు గుచ్చడానికి చోటేదీ? అందుకని ఆ రోజుల్లో స్టూడియో అంటే బల్ల మీది డబ్బానే.

1996లో స్టైన్‌బర్గ్ వీఎస్‌టీతో కథ మలుపు తిరిగింది. ప్రతిధ్వని లాంటి ఎఫెక్టులన్నీ మామూలు ప్రాసెసర్ మీదే చేయొచ్చని చూపించారు. కార్డు లేకపోయినా పర్లేదన్నమాట. మరుసటేడు ఆసియో అనే డ్రైవర్ పద్ధతి తెచ్చారు. ఎందుకంటే విండోస్ సొంత దారిలో వెళితే శబ్దం పదుల మిల్లీసెకన్లు ఆలస్యమయ్యేది.

ఆలస్యమైతే ఏమవుతుంది? గాయకుడు హెడ్‌ఫోన్స్‌లో తన గొంతు తాను వింటూ పాడతాడు. కంప్యూటర్ శబ్దాన్ని ముక్కలు ముక్కలుగా తీసుకుంటుంది. ముక్కకి 1,024 శాంపిళ్ళు పెడితే 44.1 కిలోహెర్ట్జుల దగ్గర 23 మిల్లీసెకన్లు. అంటే తన గొంతు ఎనిమిది మీటర్ల అవతలి నించి వినిపిస్తున్నట్టు. అదీ ఒక వైపు లెక్కే, లోపలికీ బయటికీ కలిపితే రెట్టింపు. అలా వింటూ తాళం తప్పకుండా పాడమనండి చూద్దాం! సరే అని ముక్కని 64 శాంపిళ్ళకి తగ్గిస్తే ఆలస్యం ఒకటిన్నర మిల్లీసెకనుకి దిగుతుంది. కానీ ఇప్పుడు ప్రాసెసర్‌కి సెకనుకి 689 డెడ్‌లైన్లు. 688 సార్లు వేళకి చేసి ఒక్కసారి తప్పినా మన పాటలో టిక్కుమంటుంది.

సర్వర్ల మీద పనిచేసేవాళ్ళకి ఇది తెలిసిన గొడవే. సగటు రెస్పాన్స్ టైము ఎంత బాగున్నా ఫోను మోగేది ఆ చివరి ఒక్క శాతం వల్ల. లాప్‌టాప్‌లో ఆ ఒక్క శాతం వైఫై డ్రైవర్ కావచ్చు, గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ కావచ్చు, కరెంటు ఆదా చేద్దామని ప్రాసెసర్ వేగాన్ని తగ్గించి పెంచే ఏర్పాటు కావచ్చు. ఒక్క చెత్త డ్రైవర్ రెండు మిల్లీసెకన్లు ప్రాసెసర్‌ని వదలకపోతే పదహారు కోర్లున్నా ఉపయోగం లేదు. గేమింగ్ లాప్‌టాప్ కొన్నాయన కష్టం ఇక్కడే ఉంది. విండోస్‌లో లేటెన్సీమాన్ అనే చిన్న ప్రోగ్రాం ఏ డ్రైవర్ ఎంతసేపు అడ్డం కూర్చుందో చూపిస్తుంది. కొన్న కొత్తల్లో, వెనక్కిచ్చే గడువు ఉండగానే, దాన్ని ఓ అరగంట నడపండి.

ఇక పోర్టుల సంగతి. 2000లో ఆపిల్ పవర్‌బుక్‌కి ఫైర్‌వైర్ పెట్టింది. అప్పటి యూఎస్‌బీ సెకనుకి 12 మెగాబిట్లు, ఇదేమో 400. పైగా ఇందులో ఆడియోకని దారిలో కొంత భాగం ముందే రిజర్వు చేసుకోవచ్చు. 2001లో మోటూ 828 అనే పెట్టె వచ్చింది, లాప్‌టాప్‌లోకి ఒక్క వైరుతో ఎనిమిది అనలాగ్ ఇన్‌పుట్లు. మొదటిసారి లాప్‌టాప్ నిజంగా స్టూడియో అయింది. విండోస్ లాప్‌టాప్‌ల వాళ్ళకి మాత్రం అప్పుడు మొదలైంది తిప్పలు. నాలుగు పిన్నుల పోర్టయితే పెట్టెకి కరెంటు అందదు. ఆరు పిన్నులైనా లోపలి చిప్పు టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌ది కాకపోతే సరిగ్గా పలకదని ఓ గుబులు. ప్రాసెసర్ సంగతి పక్కన పెట్టి చిప్పు కంపెనీ పేరు కనుక్కుని లాప్‌టాప్ కొన్న కాలం అది.

2002లో ఆపిల్ లాజిక్ తయారుచేసే ఇమ్యాజిక్‌ని కొనేసి విండోస్ వెర్షన్ ఆపేసింది. ఏళ్ళ తరబడి చేసుకున్న పాటల ఫైళ్ళున్న విండోస్ వాళ్ళు మ్యాక్ కొనాలి, లేదా ఉన్న వెర్షన్‌తో కాలక్షేపం చెయ్యాలి. 2008లో మ్యాక్ వాళ్ళ వంతు. అల్యూమినియం మ్యాక్‌బుక్‌లో ఫైర్‌వైర్ తీసేశారు. గోల గోలయ్యింది, 2009లో ఆ సైజు మెషీన్‌లో మళ్ళీ పెట్టారు. 2012 రెటీనా మోడల్‌తో మళ్ళీ పోయింది, అడాప్టర్‌తో నెట్టుకొచ్చారు. 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహోలో ఫైర్‌వైర్ మద్దతే తీసేశారు. పెట్టెలు చెడిపోలేదు. లోపల సర్క్యూట్లు నిక్షేపంగా ఉన్నాయి. మాట్లాడేవాళ్ళే లేరు.

అందుకని నన్నడిగితే వరస తిరగెయ్యాలి. ముందు ఆడియో ఇంటర్‌ఫేస్ ఎంచుకుని, దానికి తగ్గట్టు లాప్‌టాప్ చూసుకోవాలి. యూఎస్‌బీ ఆడియో క్లాస్ ప్రమాణం పాటించేదైతే తయారీదారు డ్రైవర్ ఆపేసినా కనీసం పనిచేస్తుంది. విండోస్ 10లో కూడా 2017లో క్లాస్ 2 డ్రైవర్ చేర్చారు. ర్యామ్ గురించైతే, గొంతూ గిటారూ మాత్రమే రికార్డు చేసేవాళ్ళకి 16 గిగాబైట్లు బోలెడు. ఆర్కెస్ట్రా శాంపిళ్ళు వాయించేవాళ్ళే ఎక్కువ పెట్టాలి. 2020 చివర్లో ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ వచ్చినప్పుడు సంగీతం వాళ్ళు దాని మీద పడటానికి వేగం ఒక కారణమైతే ఫ్యాను లేకపోవడం రెండోది. 1985 అటారీ సుగుణం ముప్ఫై ఐదేళ్ళకి తిరిగొచ్చింది. ఒకటే చిక్కు, దాంట్లో ర్యామ్ తర్వాత పెంచుకోలేం, కొన్నప్పుడే తేల్చుకోవాలి.

అన్నట్టు, అటక మీద పాత ఫైర్‌వైర్ పెట్టె ఉన్నవాళ్ళు పారెయ్యకండి. 2029 దాకా ఫైర్‌వైర్‌ని చూసుకుంటామని లైనక్స్ కెర్నెల్‌లో ఆ భాగం చూసేవాళ్ళు చెప్పారు. ఆరు పిన్నుల పోర్టున్న ఓ పాత లాప్‌టాప్ దొరికితే చాలు.