నెగడుకు నిప్పు

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తూ ఉంటే చుట్ట కాల్చుకోవడానికి నిప్పు అడిగినాడట మరొకడు. ఈ సామెత వినని తెలుగువారు ఉండరు. జాలి లేనివాని మీద విసురుగా దానిని వాడుతాము. కాని అందులో ఒక పాత చరిత్ర కూడ ఉన్నది. అగ్గిపెట్టె లేని కాలంలో నిప్పు ఒకరిని అడిగి తెచ్చుకొనే వస్తువు. పొయ్యి ఆరిపోయిన ఇల్లాలు పిడకముక్క పట్టుకొని పొరుగింటికి పోయేది. పొలంలో చుట్ట చుట్టుకొన్నవాడు ఎక్కడ పొగ కనబడితే అక్కడికి నడిచేవాడు. సామెతలోని మనిషి తప్పు నిప్పు అడగడం కాదు, అడిగిన చోటు.

కృష్ణా డెల్టాలో నిప్పు సంగతి ఇంకొంత చిత్రమైనది. బెజవాడ వద్ద ఇంద్రకీలాద్రికి, సీతానగరం కొండకు నడుమ నది కొండలను విడిచిపెడుతుంది. అక్కడినుండి సముద్రం దాకా ఒండ్రునేల. నాగటి చాలులో రాయి తగలదు. తీరాన ఉన్న మడ అడవులు తప్ప వంటచెరకు ఇచ్చే అడవి లేదు. రాతి నుండి గాని కట్టె నుండి గాని నిప్పు పుట్టించవలెనంటే సామగ్రి పైనుండి రావలసినదే. ఇంటింటా ఉన్నవి పశువుల పేడ, వరిగడ్డి, ఊక, తాటాకు, కొబ్బరిపీచు. 1852–55 మధ్య బెజవాడ ఆనకట్ట కట్టి కాలువలు త్రవ్విన పిమ్మట వరిసేద్యం పెరిగి గడ్డి, ఊక మరింత సమృద్ధి అయినవి. ఇవేవీ నిప్పును పుట్టించలేవు, నిలుపగలవు. డెల్టా ఇల్లాండ్ర అగ్నివిద్య అంతా ఈ నిలపడంలోనే ఉన్నది.

పుట్టించడానికి రెండు దారులు. ఒకటి ఒరిపిడి. యజ్ఞాలలో అరణిని మథించి అగ్నిని పుట్టించడం ఆ దారికి చెందినదే. రెండవది చెకుముకి. ఈ మాట తుర్కీ భాష నుండి పారశీకం, ఉర్దూల మీదుగా మనకు వచ్చినది. పలుగురాయి వంటి గట్టిరాతి అంచుతో ఉక్కుముక్కను కొడితే రవ్వలు రాలుతాయి. అవి రాతి రవ్వలని చాలమంది అనుకొంటారు. నిజానికి అవి ఇనుపవి. రాతి అంచు ఉక్కు నుండి సన్నని పొట్టును చెక్కుతుంది. ఆ దెబ్బకు పుట్టిన వేడికి పొట్టు గాలిలోని ఆమ్లజనితో కలిసి తానే మండుతుంది. రవ్వ వేడి వేయి డిగ్రీలు దాటినా, అది నిలిచేది క్షణకాలమే. దానిని కట్టె మీద పడవేస్తే కట్టె వెచ్చనైనా కాదు.

అందుచేతనే చెకుముకి సంచిలో రాయి, ఉక్కులతో పాటు మూడవ వస్తువు ఉండేది: మాడ్చిన దూది. పత్తినో బూరుగుదూదినో పాతగుడ్డనో కొంచెం కాల్చి, మంట లేవకముందే గాలి ఆడకుండ మూసివేస్తే నల్లని బొగ్గుపోగు మిగులుతుంది. దూదిలో ఆవిరయ్యే భాగం అంతా ముందే పోయినది కనుక, ఒక్క రవ్వ పడినా ఎర్రని చుక్క పుట్టి చుట్టూ పాకుతుంది. మంట రాదు. ఆ కణికను కొబ్బరిపీచు గూటిలో పెట్టి, రెండు చేతుల నడుమ పట్టుకొని ఊదవలెను. అప్పుడు పీచు వేడెక్కి వాయువులను విడుస్తుంది. ఆ వాయువులు అంటుకొన్నదే మంట. మంట అంటే వాయువు మండడం, కణిక అంటే బొగ్గు మండడం. ఈ తేడా పుస్తకంలో చదువుకొనకపోయినా ఊదేవారికి తెలుసు. ముందే గట్టిగా ఊదితే కణిక చెదిరి ఆరిపోతుందని ఒకసారి ఊదినవారు మరచిపోరు.

ఇంత శ్రమతో పుట్టిన నిప్పును రేపటిదాకా ఉంచేది పిడక. పేడ అంటే పశువు నమిలి, అరిగించుకోగా మిగిలిన గడ్డిపోగులు. ఎండితే బోలుగా ఉంటుంది. కాలినకొద్దీ పైన బూడిద దుప్పటి ఏర్పడి గాలిని అదుపులో పెడుతుంది, వేడిని పోనీయదు. కృష్ణా పరీవాహక ప్రాంతంలో పేడ మంటల చరిత్ర చాల పాతది. అప్పటి పాలమూరు జిల్లా ఉట్నూరులో 1957లో ఆల్చిన్ అనే పురాతత్త్వవేత్త త్రవ్విన బూడిదదిబ్బ, నవీన శిలాయుగపు పశుపాలకుల దొడ్లలో పేడకుప్పలు మాటిమాటికి తగులబడి ఏర్పడినది. అయితే దొడ్డిలోని ఆ మంట పెనుమంట. డెల్టా ఇంటి వెనుక దాలిగుంటలో ఉన్నది దానికి తమ్ముడైనా, స్వభావం వేరు. పిడకలు పరచి పాలకుండ పెడితే ఉదయం మొదలు సాయంకాలం దాకా పొగ తప్ప మంట కనబడదు. ఆ మందపు వేడిలో పాలలోని చక్కెరకు, మాంసకృత్తులకు చర్య జరిగి పాలు ఎర్రబారుతాయి. దాలి పాల మీద మీగడ కథ ఎంతైనా చెప్పవచ్చును, కాని ఇక్కడ ముఖ్యం గుంటలోని నిప్పు. సాయంకాలం దీపానికి, పొయ్యికి నిప్పు అందులోనుండే వచ్చేది.

ఊక దాలికి ఇంకొక తోడు. ఊకను పూర్తిగా కాల్చితే దాని బరువులో సుమారు అయిదవ వంతు బూడిద మిగులుతుంది. అందులో 90 పాళ్ళ వరకు సిలికా. ఈ సిలికా ఊక గింజ ఆకారాన్ని చెడకుండ నిలిపి, గాలిని లోపలికి కొద్దికొద్దిగానే పోనిస్తుంది.

ఇక పొలంలో. పుష్యమాసపు మంచులో కళ్ళాల వద్ద కుప్పలకు కావలి ఉండేవారు రాత్రి నెగడు వేసుకొనేవారు. ఇంటినుండి బూడిదలో కప్పిన పిడకనిప్పు కుండపెంకులో వచ్చేది. దానిమీద నలిపిన వరిగడ్డి, తరువాత చీల్చిన తాటాకు, ఆపైన తాటిమట్ట, చివరకు మొద్దు. ఈ వరుస తప్పితే నెగడు రగలదు. గాలివాలున గడ్డివామి ఉంటే అసలు వేయరాదు. ఏడాది పంట అక్కడే ఉన్నది.

అగ్గిపుల్ల ఈ వరుసలో పై రెండు మెట్లను ఒక పుల్లకు అతికించినది, అంతే. 1827లో ఇంగ్లండులోని స్టాక్టన్‌లో జాన్ వాకర్ అనే మందుల వర్తకుడు మొదటి గీత పుల్లలను అమ్మినాడు. తరువాత తెల్ల భాస్వరం పుల్లలు వచ్చినవి. వాటిని చేసే కూలీలకు దవడ ఎముక కుళ్ళిపోయే రోగం పట్టుకొన్నది. ఎర్ర భాస్వరాన్ని పెట్టె పక్కకు మార్చవచ్చునని 1844లో స్వీడనులో పాష్ చూపినాడు. లుండ్‌స్ట్రోమ్ సోదరులు దానిని వ్యాపారంగా పెంచినారు. విషం లేని దారి దొరికిన తరువాత కూడ, చౌక అనే ఒకే కారణంతో తెల్ల భాస్వరం అరవై ఏళ్ళకు పైగా నడిచినది. 1906లో బెర్న్ ఒప్పందం, మన దేశంలో 1913 నాటి చట్టం దానిని మాన్పించినవి. 1922లో దిగుమతి పెట్టెల మీద గ్రోసుకు రూపాయిన్నర సుంకం పడడంతో దేశంలో కర్మాగారాలు లేచినవి. శివకాశి అగ్గిపెట్టెలు ఆ పిమ్మటివే.

డెల్టాలో అగ్గిపుల్లకు శత్రువు తేమ. పుల్ల తలను అతికించిన జిగురు మెత్తబడితే గీసినప్పుడు మందు రాలిపోతుంది. 1864లో బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు గడ్డివాములు, పిడకల గూళ్ళు, పూరిళ్ళు కలిసి కొట్టుకుపోయినవి. అటువంటి చోట పొడి పెట్టె ఒకటి చేతికి వచ్చినా, అది అంటించడానికి ఏదైనా ఉండవలెను కదా! కొబ్బరి డిప్ప లోపలి పీచు, తడిసిన మొద్దును చీల్చితే బయటపడే పొడి నడిగట్టు, అటకమీద చిక్కుకొన్న పిడక – అప్పుడు వెదకవలసినవి ఇవి. చిన్నముక్కలుగా చీల్చిన నడిగట్టు చాలవరకు మోసం చేయదు.

అగ్గిపెట్టె కానీకి వచ్చిన తరువాత కూడ బెజవాడ కిళ్ళీకొట్ల వద్ద గుంజకు ఒక కొబ్బరితాడు వేలాడుతూ, కొన ఎర్రగా రగులుతూ ఉండేది. బీడీ కొన్నవాడు పుల్ల ఖర్చు లేకుండ వంగి దానితోనే ముట్టించుకొని పోయేవాడు.