పెరటి సాగు (తెనాలి, బాపట్ల, రేపల్లె)

ఇంటిల్లిపాదికీ కావలసిన కూరగాయలు, పాలు, గుడ్లను ఇంటి ఆవరణలోనే సమకూర్చుకునే పద్ధతి. కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఈ ప్రాంతంలో వరి, మినుము పొలానివి. మునగ, కరివేపాకు, అరటి, పందిరెక్కిన బీర, సొర, దొండ పాదులు, గేదె, నాటుకోళ్లు పెరటివి. తెనాలి వైపు నల్లరేగడిలో వానకు నీరు నిలుస్తుంది కనుక ఎత్తుమడులు మేలు. బాపట్ల ఇసుక నేలల్లో తడి త్వరగా ఆరుతుంది కనుక పశువుల ఎరువు, మల్చింగ్ (నేలపై ఆకులు, గడ్డి పరచడం) అవసరం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ రైతు సాధికార సంస్థ 2016లో చేపట్టిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంతో జీవామృతం అనే ద్రవ ఎరువు వాడకం పెరిగింది. 10 కిలోల ఆవుపేడ, 5–10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, గుప్పెడు గట్టుమట్టిని 200 లీటర్ల నీటిలో కలిపి 48 గంటలు నీడలో పులియబెడతారు. ఇది ఎకరానికి సరిపోతుంది. పెరటికి అదే పాళ్లలో తగ్గించి కలుపుకోవాలి.